మూడో అంతస్తు, ఎడమ పక్క

ఆ ఉదయం గొడవ గుడ్డ దగ్గర మొదలైంది. ఆ వంటింట్లో మేకుకి రెండు గుడ్డలు వేలాడుతుంటాయి. నీలం గుడ్డ చేతులకి, తెల్ల గుడ్డ గిన్నెలకి. పదహారేళ్ళుగా అక్కడ అదే శాసనం. ఆ ఇంటాయన భూములు కొలిచే సర్వేయరు. ఎవరి గోడ ఎవరి స్థలంలోకి అంగుళం జరిగినా పట్టుకోగలడు. అలాంటి మనిషి ఆ పూట తెల్ల గుడ్డకి చేతులు తుడుచుకున్నాడు.

"అది గిన్నెల గుడ్డ," అంది భార్య.

"నా చేతులు గిన్నెల కన్నా శుభ్రంగా ఉన్నాయి. ఇప్పుడే కడుక్కున్నాను."

"కడిగిన చేతులకి నీలం గుడ్డ."

"మరి కడగని చేతులకి?"

"కడగని చేతులతో నా వంటింట్లోకి ఎవరూ రారు."

భోజనాల బల్ల దగ్గర కూర్చున్న అత్తగారు గొంతు సవరించుకుంది. "గుడ్డ పంచాయితీ తర్వాత తీర్చుకుందురు గాని, రైలు వెళ్ళిపోతుంది. ఇవాళన్నా ఏదో ఒక ఇల్లు ఖాయం చేసి రండర్రా."

అత్తగారి కుడి తుంటి కీలు అరిగిపోయింది. ఎనిమిది రోజుల్లో ఆపరేషన్. ఆ తర్వాత రెండు నెలల పాటు వారానికి నాలుగు రోజులు ఆసుపత్రికి వెళ్ళి వ్యాయామం చేయాలి. ఆసుపత్రేమో రైల్లో రెండు గంటల దూరం. అందుకని దాని పక్కనే, సొంతంగా వండుకునే వీలున్న ఫ్లాటొకటి అద్దెకి కావాలి. ఆ చిరునామా ఈ సాయంత్రం లోగా ఇవ్వకపోతే ఆపరేషన్ తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆసుపత్రి వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. ఏడాదిన్నరగా అత్తగారు కుర్చీలోంచి లేచినప్పుడల్లా, నొప్పి కనబడకుండా నవ్వుతున్నట్టు మొహం పెడుతోంది. ఆ నవ్వు చూడలేక ఇంట్లో వాళ్ళు తలలు తిప్పుకుంటున్నారు.

ఫ్లాట్లు దొరక్క కాదు. రెండు శనివారాల్లో పదకొండు చూశారు. పదకొండింటినీ కోడలు కొట్టేసింది. తన నోటుపుస్తకంలో ఫ్లాటుకో పేజీ చొప్పున కారణాలు కూడా రాసింది. "పొయ్యి వెనక జిడ్డు. ఎవరో ఎప్పుడో వేయించిన చేప ఇంకా ఇక్కడే కాపురం ఉంటోంది." "కుర్చీలు నాలుగు, కాళ్ళు పదిహేను." "యజమాని మర్యాదస్థుడు. కుళాయి కాదు." అత్తగారు చుట్టాల దగ్గర కోడల్ని 'భూతద్దం' అనేది. ఆ సంగతి కోడలికి తెలుసు. ఆమె దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంది.

మొదట ఆసుపత్రిలో కాగితాల పని చూసుకున్నారు. గేటు దగ్గర మూతికి మాస్కులు కట్టించి, మెడలో నీలం రిబ్బనుకి సందర్శకుల పాసులు వేశారు. వచ్చేటప్పుడు తిరిగి ఇవ్వాలని ఎవరికీ గుర్తులేదు. కోడలి పాసు వెనక్కి తిరిగి, ఆసుపత్రి ముద్ర ఒక్కటే పైకి కనబడుతోంది.

పన్నెండో ఫ్లాటు ఉన్న భవనం ఆసుపత్రికి రెండు వీధుల అవతల. భవనం చూసుకునే పెద్దాయన ఫోన్లో చెప్పాడు: "మూడో అంతస్తు, ఎడమ పక్క తలుపు. తాళం తీసే ఉంచాను. నేను కింద బాయిలర్ దగ్గర ఉంటా, మీరు పైకెళ్ళి తీరిగ్గా చూడండి."

ఎవరైనా లిఫ్టు ఎక్కేవాళ్ళే. కాని లిఫ్టు చెడిపోతే అత్తగారి గతేంటని కోడలికి అనుమానం వచ్చింది. "మెట్లెన్నో లెక్కపెట్టండి," అంది. సర్వేయరు లెక్కపెట్టాడు. యాభై నాలుగు. ఒక్కో మెట్టు ఎత్తు కూడా కొలిచాడు. అంత కచ్చితంగా మూడో అంతస్తు చేరినవాళ్ళకి ఒక్క సంగతి తట్టలేదు. ఆ వరండాలో లిఫ్టు ఒక చివర, మెట్లు ఇంకో చివర. లిఫ్టులోంచి దిగిన మనిషికి ఎడమ పక్క ఉండే తలుపు, మెట్లెక్కి వచ్చిన మనిషికి కుడి పక్క ఉంటుంది.

ఎడమ పక్క తలుపు నిజంగానే తీసి ఉంది. లోపల నలభై ఏళ్ళావిడ మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడుస్తోంది. వీళ్ళని చూడగానే తడిగుడ్డ బకెట్లో పడేసి గబుక్కున లేచింది.

"అయ్యో, వచ్చేశారా! పదకొండింటికన్నారు కదండీ!"

"ఆసుపత్రిలో పని తొందరగా అయిపోయింది," అంది కోడలు. "మీ పని మీరు కానివ్వండి. మేం చూసుకుంటాం."

"వద్దొద్దు, చూడండి, మీరు చూడండి. నేను పక్కన నిలబడతాను."

పనిమనిషికి ఇంత భయమెందుకో కోడలికి అర్థం కాలేదు. అర్థం కాకపోయినా హాయిగానే ఉంది. పదకొండు ఫ్లాట్లలో ఇలా చేతులు కట్టుకుని నిలబడినవాళ్ళు ఎవరూ లేరు. ఆమె నోటుపుస్తకం తెరిచింది. సర్వేయరు టేపు తీసి స్నానాలగది తలుపు కొలవడానికి వెళ్ళాడు.

ముందుగదిలో కిటికీ కింద కుట్టు మిషను, దాని చుట్టూ దారప్పోగులు, రంగురంగుల గుడ్డముక్కలు. "ఇదేమిటి, ఇది కూడా ఈ ఇంట్లోనే ఉంటుందా?"

"తీసేయమంటే తీసేస్తానండీ," ఆవిడ గబగబా గుడ్డముక్కలు ఏరసాగింది. "ఇవాళే తీసేస్తాను."

"ఈ నూలు దుమ్ము చూడండి. పేషంటు ముక్కులోకి పోదూ?"

ఫ్రిజ్జు తెరిచింది. సగం కోసిన ఉల్లిపాయ, మూతలేని పెరుగు గిన్నె. "ఇది ఎన్నాళ్ళది?" ఆవిడ తల దించుకుంది. పొయ్యి పైన గాలి లాగే ఫ్యాను రెక్కల మీద కోడలు చూపుడువేలు పెట్టి, ఆ వేలు ఆవిడ మొహానికి ఎదురుగా పట్టింది. వేలు నల్లగా ఉంది. మాట అవసరం లేకపోయింది.

పడకగదిలో మంచం, దాని పక్కన నేల మీద చుట్టపెట్టిన పరుపు. "ఇక్కడెవరు పడుకుంటారు?"

"నేనేనండీ. కిందే పడుకుంటాను. మంచం పేషంటుకే."

"మీరు కూడా ఇక్కడే ఉంటారా?"

"ఉండకపోతే ఎలాగండీ? వండిపెట్టేదెవరు, రాత్రి లేచి చూసేదెవరు?"

కోడలు భర్త చెవిలో గుసగుసలాడింది. "వంటమనిషిని కూడా ఇస్తారట. ఆ సంగతి ప్రకటనలో వేయలేదు చూశారా? ఇలాంటి వంటింటి మనిషయితే వేయకపోవడమే మంచిది లెండి."

"తలుపు మాత్రం డెబ్భై నాలుగు సెంటీమీటర్లు," అన్నాడాయన ఆశగా. "అమ్మ నడిచే స్టాండు పడుతుంది."

కోడలు పుస్తకం మూసింది. మనసు నొప్పించకుండా చెబుదామనే అనుకుంది. కాని ఆ వేలు ఇంకా నల్లగానే ఉంది.

"చూడమ్మా, ఏమీ అనుకోకు. ఈ ఇంట్లో పేషంటుని పెట్టలేం."

ఆవిడ పరుగున వెళ్ళి బకెట్లోంచి తడిగుడ్డ అందుకుంది. "ఒక్క గంట టైమివ్వండి, మేడమ్. మొత్తం కడిగేస్తాను."

"గంటలో అయ్యేదా ఇది? అంత పెద్ద ఆపరేషన్ చేయించుకున్న మనిషి వచ్చి పడాల్సింది ఇంత మురికిలోకా? నువ్వే ఆలోచించు."

ఆవిడ ఆలోచిస్తుండగా వీళ్ళు మెట్లు దిగిపోయారు.

కింద పెద్దాయన చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "ఎలా ఉంది?"

"మురికి," అంది కోడలు.

"మురికా! రంగులేయించి నెల కాలేదు. కొత్త ఫ్రిజ్జు పెట్టాను. ఏదీ, మురికెక్కడుందో నాకు చూపించండి, పదండి." అని రోషంగా ఇద్దర్నీ లిఫ్టులోకి తోశాడు.

లిఫ్టు దిగి ఎడమ పక్క తలుపు తోస్తే తెల్లటి గది కనబడింది. కిటికీ నిండా వెలుతురు, మెరిసే పొయ్యి, నాలుగు కుర్చీలకి పదహారు కాళ్ళు. కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. వెనక నుంచి, వరండాకి అవతలి వైపు తలుపులోంచి, ఏడుపు వినిపించింది. ఫోన్లో మాట్లాడుతోందావిడ.

"నిన్ను పంపరంటయ్యా... ఆసుపత్రి మేడమ్ వచ్చి చూసింది... మురికిగా ఉందంట... అన్నీ నిజమేనయ్యా, నిన్న నీ దగ్గర కూర్చుండిపోయాను, ఇల్లు తుడవలేదు..."

కోడలు తన మెడలోని పాసు చూసుకుంది. పైకి ఆసుపత్రి ముద్ర ఒక్కటే కనబడుతోంది.

పెద్దాయన తల విదిలించాడు. "పాపం, బట్టలు కుట్టి బతుకుతుంది. మొగుడు బస్సు డ్రైవరు. కాలేయం మార్చారు. తొంభై ఏడు రోజుల్నుంచి ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఇవాళ నర్సొచ్చి ఇల్లు చూసి సరేనంటే సాయంత్రానికి పంపుతామన్నారు. ఆ చూసినావిడెవరో మహాతల్లి, కనికరం లేకుండా పోయింది."

మహాతల్లి కొత్త ఫ్రిజ్జు తెరిచి అందులో తల పెట్టింది. ఖాళీ ఫ్రిజ్జులో చూడటానికి ఏమీ లేదు, కాని మొహం పెట్టుకోవడానికి అంతకన్నా చల్లటి చోటు అక్కడ లేదు.

"మెల్లిగా వెళ్ళిపోదామా?" అన్నాడు సర్వేయరు చెవి దగ్గర. "అసలు నర్సు పదకొండింటికి వస్తుందిగా. అదే సర్దుకుంటుంది."

ఆ మాటకి ఆమె ఒక్క క్షణం లోపల్లోపల ఒప్పుకుంది. తర్వాత ఎన్నాళ్ళయినా ఆమెని ఎక్కువ కుట్టింది ఆ క్షణమే. ఇంతలో ఎదురింటి ఫోను మళ్ళీ మోగింది. ఆవిడ మాటలన్నీ ఇటు వినబడ్డాయి. డ్రైవరు ఊరుకోలేదట. "మా ఆవిణ్ణి ఏడిపించడానికి మనిషిని పంపుతారా!" అని వార్డంతా ఎగిరిపోయేలా అరిచాడట. వార్డు పెద్ద నర్సు, ఇంటి తనిఖీ అయిపోయిందనుకుని, 'ఇల్లు సరిపోదు' అని చీటీ మీద రాసేసింది. పదకొండింటికి రావలసిన నర్సుని ఆపేసింది. ఇక చూడటం మళ్ళీ వచ్చే వారమే.

కోడలు వరండా దాటింది. తేలు కుట్టిన దొంగలా గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, నేనొక మాట..." అనేలోపే ఆవిడ చేతులు పట్టేసుకుంది.

"మళ్ళీ వచ్చారా! మీది మంచి మనసు మేడమ్. మిషనుని కింది అంతస్తులో పెద్దాయన గదిలో పెట్టేస్తున్నాను. అది పోతే దుమ్ము పోతుంది. ఇంకోసారి చూస్తారు కదూ?"

మిషనుకి ఇనప కాళ్ళు. ఆవిడొక్కతే దాన్ని గుమ్మం దాకా ఈడ్చేసింది. లిఫ్టులో సామాను ఎక్కించకూడదని రాసి ఉంది. ఏం చేస్తున్నదీ తెలియకుండానే కోడలు రెండో వైపు పట్టుకుంది. మెట్ల మొదటి మలుపు దగ్గర మరోసారి, "నేను అసలు..." అంది. "కాలు జాగ్రత్తండీ," అంది ఆవిడ. రెండో మలుపు దగ్గర మిషను గోడకీ కటకటాలకీ మధ్య ఇరుక్కుపోయింది. అటు ఆవిడ, ఇటు ఈవిడ. పారిపోవడానికి దారి లేదు.

"నేను ఆసుపత్రి మనిషిని కాను," అంది కోడలు మిషనుతో. "మా అత్తగారికి ఇల్లు చూసుకోడానికి వచ్చాను. తలుపు తప్పాను. మీరు పనిమనిషనుకున్నాను."

ఆవిడ మిషనుకి అంటుకున్న దారప్పోగొకటి మెల్లగా లాగి తీసింది. అరిచి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

"అయితే ఆ మురికన్న మాట?" అని అడిగింది చివరికి. "అది కూడా తప్పేనా, అదొక్కటీ నిజమేనా?"

కోడలు నల్లబడిన చూపుడువేలుని గుప్పిట్లో దాచుకుంది. కొన్నాళ్ళుగా తన నాలుకకి పడిన పదును తనకే తగిలినట్టయింది. తల ఎత్తలేకపోయింది.

"సరే," అంది దర్జీ ఆవిడ. "మీ ఆయన్ని ఆసుపత్రికి పంపండి, నిజం చెప్పి నర్సుని తీసుకురమ్మనండి. మీరు పైకి రండి. ఏమేం బాగా లేవన్నారో మీకే బాగా తెలుసు."

పై మెట్టు మీద నిలబడి ఉన్న సర్వేయరు కటకటాల మీంచి కాలు అవతలికి వేసి, మిషనుని దాటి, పరుగు తీశాడు. ఆసుపత్రిలో ఆయనకి జరిగిన మర్యాద ఆయన ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ముందు కాపలావాళ్ళు పాసు లాక్కున్నారనీ, వార్డు పెద్ద తనని నిలబెట్టి "మళ్ళీ మొదట్నుంచి చెప్పండి" అని మూడుసార్లు చెప్పించిందనీ, డ్రైవరు మంచం మీంచి "మీ ఆవిడ రోజూ ఇంతేనా సార్?" అని జాలిగా అడిగాడనీ మాత్రం తెలిసింది. ఆ సందట్లోనే ఆయన తెల్ల ఫ్లాటు చిరునామా కూడా రాసిచ్చి, తల్లి తేదీ నిలబెట్టాడు.

ఇక్కడ కోడలు ఫ్యాను రెక్కలు తోమింది. ఫ్రిజ్జు కడిగింది. స్నానాలగది మూలల్లో పాత పళ్ళబ్రష్షుతో రుద్దింది. దర్జీ ఆవిడ కుర్చీ వేసుక్కూర్చుని బటన్లు కుడుతూ, మధ్యమధ్యలో, "ఆ మూల ఉండిపోయింది," అనేది. ఒకసారి కోడలు తోమిన చోటికి వచ్చి వేలు పెట్టి చూసింది కూడా. ఆ వేలు కోడలి మొహానికి ఎదురుగా పట్టకుండా తన కొంగుకే తుడుచుకుంది. అది చూసి కోడలికి తల కొట్టేసినట్టయింది.

మూడింటికి నర్సు వచ్చింది. అప్పటికి కోడలు స్టూలెక్కి, మోచేతుల దాకా సబ్బు నురగతో, వంటింటి పైఅరలో తల పెట్టి ఉంది.

"ఈవిడెవరు?" అంది నర్సు.

సర్వేయరు నోరు తెరిచాడు. దర్జీ ఆవిడే ముందు చెప్పింది. "మా పనావిడండీ. కొత్త. చేతులు నిదానం గాని, మనిషి మంచిదే."

నర్సు నాలుగే అడిగింది. చేతులు కడుక్కోడానికి సబ్బుందా? జ్వరం చూసుకునే గొట్టం ఏదీ? ఫోను పనిచేస్తోందా? రాత్రి పిలిస్తే పలికే మనిషున్నారా? ఆఖరి ప్రశ్నకి దర్జీ ఆవిడ మంచం పక్కన నేల చూపించింది. నర్సు చీటీ మీద సంతకం పెట్టేసింది. మూలలు చూడలేదు. ఫ్రిజ్జు తెరవలేదు. ఫ్యాను వైపు తల కూడా ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ, "ఇంత తోమక్కర్లేదండీ, సబ్బు ఘాటుకి ఆయనకి దగ్గొస్తుంది. కిటికీలు తీసిపెట్టండి," అని మాత్రం అంది.

నాలుగున్నరకి డ్రైవరుని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. కోడలు వంటింట్లోనే ఉండిపోయింది. ముందుగదిలో ఆయన, "ఇదేంటే, మనిల్లేనా?" అనడం, ఆవిడ నవ్వడం, ఆ నవ్వు మధ్యలో తెగిపోవడం వినబడింది. తొంభై ఏడు రోజుల తర్వాత కలిసిన మొగుడూ పెళ్ళాల మధ్య ఏం చెప్పి బయటికి రావాలో ఆమెకి తెలియలేదు. గోడ పక్కగా నడిచి వచ్చి, దండం పెట్టినట్టు చేతులు కలిపి, మెట్లు దిగింది. మిషను గోడకీ కటకటాలకీ మధ్య ఇంకా అక్కడే ఉంది. భార్యాభర్తలిద్దరూ కలిసి దాన్ని మళ్ళీ పైకి చేర్చి మరీ వెళ్ళారు.

రైలు సగం దూరం వచ్చాక కోడలు సంచిలో వెతికింది. నోటుపుస్తకం లేదు. పన్నెండో పేజీలో ఏమేం రాసిందో వరసగా గుర్తొచ్చింది. పేజీ అడుగున, వంటమనిషి గురించి రాసింది కూడా గుర్తొచ్చింది. మొదటి పేజీలో తన ఇంటి ఫోను నంబరు ఉందని మాత్రం అప్పుడు గుర్తురాలేదు.

ఇల్లు చేరేసరికి అత్తగారు ఫోను పెట్టేస్తూ కళ్ళు తుడుచుకుంటోంది. ఏడ్చి కాదు, నవ్వి.

"అన్నాలకి కూర్చోండి," అంది.

బల్ల చుట్టూ ముగ్గురు. కోడలు కంచంలోకి చూస్తూ జరిగిందంతా చెప్పింది. దాచబోయిన క్షణం గురించి కూడా చెప్పింది. అత్తగారు అడ్డు రాలేదు. అన్నీ అయ్యాక మెల్లగా అంది:

"మీరు దారిలో ఉండగా ఆ దర్జీ ఆవిడ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. నీ పుస్తకం మొత్తం చదివి వినిపించింది. పదకొండు ఇళ్ళకి ఇద్దరం నవ్వాం. పన్నెండో దానికి ఆవిడ నవ్వింది గాని, నేను నవ్వలేకపోయాను." ఒక ముద్ద తిని, "ఇల్లు అదే. ఆవిడ ఎదురుగా ఉన్న తెల్ల ఇల్లే. కాని నాతో వచ్చి ఉండేది వీడు. నువ్వు కాదు," అంది.

"నేనా?" సర్వేయరు ఉలిక్కిపడ్డాడు. "నాకు వంటొచ్చా అమ్మా!"

"ఎదురింటావిడ నేర్పుతానంది. సెలవు పెట్టు."

కోడలు చేతిలోని ముద్ద కంచంలో వదిలేసింది. "నా మీద కోపమొచ్చిందా అత్తయ్యా?"

"కోపం కాదమ్మాయ్. నువ్వు ఎంత బాగా చూసుకుంటావో నాకు తెలీదా? వేళకి మందిస్తావు, వేళకి అన్నం పెడతావు. కాని రెండు నెలలు నేను గ్లాసులు పడేస్తాను. నీళ్ళు ఒలకబోస్తాను. పక్క తడుపుతానేమో కూడా. నువ్వు పల్లెత్తు మాటనవు. అనకుండా చూస్తావు. ఆ చూపు ముందు అవన్నీ చేయడానికి నాకు సిగ్గు. పదహారేళ్ళుగా నీ వంటింట్లో మంచినీళ్ళు కూడా ఆచితూచి తాగుతున్నాను."



"మారతాను అత్తయ్యా," అంది కోడలు, వినీ వినపడకుండా.

అత్తగారు ఆమె వైపు కాసేపు చూసింది. చేయి చాచి తన ముందున్న నీళ్ళ గ్లాసుని వేలితో నెట్టింది. గ్లాసు పడింది. నీళ్ళు బల్లంతా పరుచుకుని, కంచాల మధ్యగా పాయలు తీసి, సర్వేయరు ఒళ్ళోకి కారడం మొదలుపెట్టాయి. కోడలి చేయి సగం లేచింది. ఆమె ఆ చేతిని వెనక్కి లాగి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, కదలకుండా కూర్చుంది.

అత్తగారు ఆమె మొహం పరీక్షగా చూసి, తల అడ్డంగా ఊపింది.

"చేతులు ఆపావు, మొహం ఆపలేకపోయావు. ఆదివారాలు రా, చాలు."

సర్వేయరు లేచి ప్యాంటు మార్చుకుని వచ్చి, అరవై రోజుల సెలవు చీటీ రాయడానికి కూర్చున్నాడు.